సీసా కడిగిన మనిషి

ఆ ఇంట్లో ఉన్న ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కారు. ఇల్లు అద్దెకిచ్చినాయనకి, పాలు తెచ్చే అతనికి, మెట్ల మీద ఎదురైనవాళ్ళకి మాత్రం వాళ్ళు ఒక అక్క, ఒక తమ్ముడు, తమ్ముడి భార్య. తమ్ముడూ మరదలూ కేంద్ర సాక్షి రక్షణ విభాగం అధికారులు. ఇద్దరి నడుముల దగ్గరా చొక్కాల కింద తుపాకులున్నాయి. అక్క, వాళ్ళు సోమవారం దాకా ప్రాణాలతో ఉంచి కోర్టులో అప్పగించవలసిన సాక్షి.

తలుపులు మూసి ఉన్నా సరే వరసలు మారకూడదని తమ్ముడు మొదటి రోజే ఆర్డరు వేశాడు. "లోపల మేడం, బయట అక్క అంటే నాలుక ఎక్కడో ఒకచోట మడతపడుతుంది. అలవాటు చేసేసుకుందాం" అన్నాడు. పదకొండు రోజులయ్యేసరికి ఆ అలవాటు బాగా ముదిరిపోయింది. ఉప్పు తగ్గించమని తమ్ముడు పోరుపెడతాడు. తడి తువ్వాలు కుర్చీ మీద పారేసిందని అక్క మరదలి మీద సణుగుతుంది. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూ ఉండే మరదలు ఆ సణుగుడు చెవిన పెట్టదు. సొంత కొంపల్లో కూడా ఇంత సంసారం కనపడదు.

అయినా పైవాటా ఆవిడకి అనుమానం రానే వచ్చింది. ఆవిడ చెవులు సామాన్యమైనవి కావు. "ఆడపడుచూ మరదలూ ఒక కప్పు కింద ఉండి గట్టిగా ఒక్క మాటైనా అనుకోరేంటి అక్కయ్యగారూ?" అని మెట్ల మీద నిలబెట్టి అడిగేసింది. దాంతో ఆ సాయంత్రం తమ్ముడు ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టి ఒక పోట్లాట ఏర్పాటు చేశాడు. దేని గురించి పోట్లాడాలన్నదానికే పావుగంట పట్టింది. చివరికి స్నానాలగది తడి గురించి మొదలుపెడితే, మూడో నిమిషానికి అది నటనో నిజమో ఇద్దరికీ తెలియలేదు. మరదలు తలుపు ధడేలున వేసింది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ తృప్తిగా లేచి వెళ్ళి పడుకుందని తమ్ముడు తేల్చాడు.

ఇంతకీ ఈ అక్క ఎవరంటే, వేరే నగరంలో నీటి సరఫరా వారి పరీక్షశాలలో ఇరవయ్యారేళ్ళు పనిచేసిన మనిషి. యాభై నాలుగేళ్ళుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. అక్కడ అందరూ ముక్కు మేడం అనేవాళ్ళు. ముక్కు పెద్దదని కాదు, చిన్నదే. గ్లాసుడు నీళ్ళు ఒక్కసారి వాసన చూసి అందులో క్లోరిన్ ఎంతుందో చెప్పేసేది. తర్వాత క్లోరిన్ పరీక్ష మాత్ర వేసి రంగు చూస్తే ఆవిడ చెప్పిందే వచ్చేది. కొత్తగా చేరినవాళ్ళు నమ్మక పందెం వేసి ఆవిడకి టీ తెచ్చిపెట్టేవాళ్ళు. అలా తాగిన టీలు ఎన్నో ఆవిడకే తెలియదు.

ఆ నగరంలో నీళ్ళు శుద్ధిచేసే మందు సరఫరా చేసే కాంట్రాక్టరు ఒక ఏడాది బస్తాల్లో సగానికి సగం సున్నపు పొడి కలిపాడు. చీఫ్ ఇంజనీరుకి సంగతి తెలుసు. తెలిసే కళ్ళు మూసుకున్నాడు. నాలుగు నెలల పాటు పరీక్షశాల రిపోర్టులన్నీ అంతా బాగుందనే చెప్పాయి. పైపులైను చివర ఉన్న కాలనీల్లో రెండు వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళలో పదకొండు మంది ఇంటికి తిరిగి రాలేదు. అప్పుడు ముక్కు మేడం అసలు అంకెలు రాసుకున్న తన నోటుపుస్తకం చేతిసంచిలో పెట్టుకుని నేరుగా దర్యాప్తు అధికారుల దగ్గరికి వెళ్ళింది. కేసంతా ఆ పుస్తకం మీదే నిలబడి ఉంది. ఆ తర్వాత ఆమె ఇంటి తాళం రెండుసార్లు పగిలింది. ఒకసారి ఓ జీపు కాలిబాట ఎక్కి మరీ ఆమె మీదికి వచ్చింది. అందుకే ఈ తమ్ముడు, ఈ మరదలు, ఈ ఇల్లు.

అధికారులకి ఆమె అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప. ఆ తప్పుడు రిపోర్టుల కింద ఉన్న సంతకం ఆమెదే. రెండు గీతలు, ఒక చుక్క. అది ఎవరో తన పేరుతో పెట్టిన దొంగ సంతకమని వాంగ్మూలంలో చెప్పింది. అంత పొట్టి సంతకం ఎవరిదో ఎవరు తేల్చగలరు? అసలు పుస్తకం ధైర్యంగా తెచ్చిచ్చిన మనిషిని ఎవరు శంకిస్తారు? అందరూ నమ్మారు. సోమవారం అదే మాట ప్రమాణం చేసి చెప్పాలి. నిజం చెబితే నిందితుల పక్కన తననీ నిలబెడతారేమో, కేసు మొత్తం కొట్టుకుపోతుందేమో అని భయం. అబద్ధం చెబితే ఆ పదకొండు మంది తాలూకు మనుషుల ముందు నిలబడి చెప్పాలి. ఆ ఆలోచన వస్తే చాలు, ఆమెకి తిన్నది ఒంటబట్టేది కాదు. తమ్ముడు దాన్ని ప్రాణభయం అనుకుని రోజూ ధైర్యం చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున్న ఆరింటికి వంటింటి కుళాయికి నీళ్ళు వదిలారు. ఆమె అలవాటు చొప్పున గ్లాసు సగం నింపి, మీద అరచెయ్యి మూసి, గిలకరించి, చెయ్యి తీసి వాసన చూసింది. ఇన్నాళ్ళూ ఈ ఊరి నీళ్ళు బాగానే ఉన్నాయి. ఇవాళ క్లోరిన్ లేదు. గ్లాసు కడిగి మళ్ళీ పట్టింది. లేదు. పైగా ఎక్కడో అడుగున తడిమట్టి వాసన. నాలుగు రోజులుగా వెనకవీధి తవ్వుతున్నారు. పైపు ఎక్కడో చిట్లి ఉంటుందని ఆమెకి వెంటనే అర్థమైంది.

"తమ్ముడూ, ఈ నీళ్ళలో మందు లేదు" అంది.

తమ్ముడు గడ్డం గీసుకుంటూ, "కాచుకు తాగుదాం అక్కా" అన్నాడు.

"మనం కాచుకుంటాం. మిగతా వీధి?"

అతను రేజరు కింద పెట్టాడు. "వద్దు."

"నేనింకా ఏమీ అడగలేదు."

"అడగబోయేది తెలుసు. మిమ్మల్ని వెతుకుతున్నవాళ్ళు ఎవరనుకున్నారు? నీళ్ళ శాఖలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఆ కాంట్రాక్టరు పది ఊళ్ళకి మందు అమ్ముతాడు, ప్రతి ఆఫీసులోనూ వాడికో మనిషి ఉంటాడు. ఈ వీధి నుంచి క్లోరిన్ గురించి ఫిర్యాదు వెళ్ళిందంటే మీ చిరునామా వాళ్ళకి మనమే ఇచ్చినట్టు. మూడే రోజులు ఓపిక పట్టండి. మంగళవారం పొద్దున్నే నేనే వెళ్ళి ఫిర్యాదిస్తాను."

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ చీఫ్ ఇంజనీరు కూడా మొదటిసారి ఇలాగే మెత్తగా, "ఒక్క వారం ఓపిక పట్టండి మేడం, కొత్త సరుకు వచ్చేస్తోంది" అన్నాడు. ఆ వారం నూట పదిహేడు రోజులైంది.

ఏడింటికి పైవాటా ఆవిడ చెంబు పట్టుకుని దిగింది. "మనవరాలు పొద్దుట్నించీ రెండుసార్లు కక్కిందండీ. మీ దగ్గర నిమ్మకాయేమైనా ఉందా?" అంది. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే ఆరా ఏమీ లేదు. కంగారు తప్ప.

ముక్కు మేడం నిమ్మకాయ ఇచ్చింది. తలుపు వేయబోయింది. వేయలేకపోయింది.

"నీళ్ళు మరగబెట్టి చల్లార్చి ఇవ్వండి. అందరూ అవే తాగండి. చివరి కుళాయిల దాకా క్లోరిన్ మిగలట్లేదు" అనేసింది.

మొదటి రెండు మాటలూ ఏ ఇల్లాలైనా అనేవే. మూడోది నోరు జారింది. తలుపు మూశాక తెలిసింది తను ఏమందో. తమ్ముడితో చెబుదామని హాల్లోకి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వార్తాపత్రిక తెచ్చుకుని వెనక్కి వచ్చింది.

చెప్పే అవసరం లేకుండా సాయంత్రం పైవాటా ఆవిడే వచ్చి సంబరంగా చెప్పేసింది. పొద్దున్న తొమ్మిదింటికల్లా మూడంతస్తుల్లోనూ పొయ్యిల మీద నీళ్ళు మరుగుతున్నాయట. మనవరాలు కాస్త తేరుకుందట. ఆవిడ అంతటితో ఊరుకుందా? నీటి సరఫరా ఆఫీసుకి ఏడుసార్లు ఫోన్ చేసి పట్టు పట్టిందట. "చివరి కుళాయిల దాకా క్లోరిన్ మిగలట్లేదు, వచ్చి పరీక్ష చేస్తారా చెయ్యరా అని నిలదీశాను. మీరు చెప్పిన మాట చెప్పినట్టే అప్పజెప్పాను అక్కయ్యగారూ! దాంతో దారికొచ్చారు. రేపు పదకొండింటికి మనిషిని పంపుతున్నారు. కింది వాటా కుళాయి దగ్గరే పట్టమన్నాను. మీకైతే విషయం తెలుసుగా!"

తమ్ముడు నవ్వు మొహంతోనే ఆవిణ్ణి సాగనంపాడు. తలుపు వేసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"అక్కా" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

తలదాచుకోవడానికి రెండో ఇల్లు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ సిద్ధం కాదని పై అధికారులు చెప్పారు. అప్పటిదాకా ఎక్కడికి కదిలినా ఇంతకంటే ప్రమాదమే. పదకొండింటికి వచ్చే మనిషికి తలుపు తీయకపోతే పైవాటా ఆవిడ వీధి వీధంతా పోగు చేస్తుంది. కాబట్టి తీయాలి. వచ్చేవాడు నీళ్ళవాడో, కాంట్రాక్టరు మనిషో తెలిసేదెలా?

"కార్డు అడుగుతాం" అంది మరదలు, బిస్కెట్టు కొరుకుతూ.

"కార్డు ఎవడైనా అచ్చేయిస్తాడు. నేను చేతులు చూస్తాను" అంది ముక్కు మేడం. "మా పనివాడు రాగానే కుళాయి మూతి తుడుస్తాడు. రెండు నిమిషాలు నీళ్ళు వదిలేస్తాడు. సీసా చచ్చినా కడగడు. అందులో చిటికెడు తెల్ల పొడి వేసి, సూక్ష్మక్రిములు లేకుండా కాచి పంపుతారు. కడిగితే పొడి పోతుంది, పరీక్ష పాడవుతుంది. మూత ఎక్కడా పెట్టడు, వేళ్ళ మధ్య పట్టుకుంటాడు. పైన కాస్త ఖాళీ ఉంచుతాడు. ఇది దొంగ కార్డులు అచ్చేసేవాడికి తెలియదు."

తమ్ముడికి ఆ మాట నచ్చింది. ఆమె పడగ్గది తలుపు సందులోంచి వంటింటిని చూడాలి. మనిషి నిజమైనవాడైతే ఊరుకోవాలి, నకిలీవాడైతే చేతిలో స్టీలు గ్లాసు కింద పడేయాలి. అంతే ఏర్పాటు.

శనివారం పదకొండు దాటి పది నిమిషాలకి గంట మోగింది. నలభై అయిదేళ్ళ మనిషి, నీలం చొక్కా, మెడలో కార్డు, భుజాన సంచి. చెప్పులు బయటే విడిచాడు. నమస్కారం పెట్టాడు. తమ్ముడు వంటింట్లోకి దారి చూపించి గుమ్మంలో నిలబడ్డాడు. మరదలు కూరగాయలు తరుగుతున్నట్టు కూర్చుంది.

తలుపు సందులోంచి ముక్కు మేడం చూస్తోంది. ఆ మనిషి సంచిలోంచి సీసా తీశాడు. మూత తీసి తడిగా ఉన్న గట్టు మీద బోర్లించాడు. కుళాయి తిప్పి, ఒక్క క్షణం కూడా ఆగకుండా సీసా కింద పెట్టాడు. సగం నింపి, గిలకరించి, ఒలకబోశాడు. మళ్ళీ ఇంకోసారి కడిగాడు. తెల్ల పొడి కాస్తా మోరీలో కలిసిపోయింది. అప్పుడు నిండా, అంచుదాకా, కారిపోయేలా పట్టి, సీసా మూతి చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచాడు.

ఒక్క పనైనా సరిగ్గా చేసి ఉంటే ఆమె ఆలోచించేదేమో. ఒక్కటీ లేదు. గ్లాసు వదిలేసింది.

అది నేల మీద పడి మోగడం, ఆ మనిషి నేల మీద పడటం దాదాపు ఒకేసారి జరిగాయి. మరదలు ఎప్పుడు లేచిందో, చాకు ఎటు పోయిందో తెలియదు. అతని చెంప నేలకి ఆని ఉంది, మోచెయ్యి వీపు మీదికి వచ్చేసింది. తమ్ముడి చేతిలో తుపాకి ఉంది.

"అమ్మో! నేనేం చేశానండీ?" అని ఆ మనిషి ఏడుపు గొంతుతో అరిచాడు. "కుళాయి నేను పాడుచెయ్యలేదు, ముందే కారుతోంది!"

పైనుంచి పైవాటా ఆవిడ గొంతు వినిపించింది. "ఏంటా చప్పుడు? మళ్ళీ గొడవా?"

"అవునండీ, ఇవాళ కొంచెం పెద్దదే!" అని మరదలు అక్కణ్ణించే కేకేసింది, పట్టు వదలకుండా.

సంచిలో పద్నాలుగు ఖాళీ సీసాలు, మాత్రల పొట్లం, చిన్న గాజు గొట్టం, టిఫిను డబ్బా, ఒక కాడ విరిగిన కళ్ళజోడు ఉన్నాయి. తమ్ముడు అతని ఫోటో తీసి పై అధికారులకి పంపాడు. ఇరవై నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. అది చదివి అతను తుపాకి దాచేసుకుని, మొహం తుడుచుకున్నాడు.

"నిజమైనవాడే" అన్నాడు. "రెండు నెలల కింద కాంట్రాక్టు మీద చేరాడు. అంతకు ముందు పదకొండేళ్ళు గోడలకి రంగులు వేసేవాడు. కాంట్రాక్టరుతో ఏ సంబంధమూ లేదు."

మరదలు వదిలేసింది. ఆ మనిషి లేచి కూర్చుని మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. ముక్కు మేడం పడగ్గదిలోంచి బయటికి వచ్చింది. దాక్కోవాలని ఆమెకి తోచలేదు. సిగ్గుతో చితికిపోయి ఉంది.

"సీసా ఎందుకు కడిగావయ్యా?" అంది.

"శుభ్రంగా ఉండాలన్నారండీ" అన్నాడతను. "సంచి ఇచ్చారు, ఇళ్ళ పట్టిక ఇచ్చారు, సీసాలు శుభ్రంగా ఉండాలన్నారు. ఒకదాంట్లో అడుగున తెల్లగా దుమ్ములా కనిపిస్తే, పాపం ఎవరో కడగడం మర్చిపోయారనుకున్నాను. అప్పట్నించీ అన్నీ రెండేసి సార్లు కడుగుతున్నాను."

నేర్పేవాళ్ళు లేక పాడుచేశాడు గానీ, మనిషి శ్రద్ధగానే పాడుచేశాడు. ఇరవయ్యారేళ్ళ అనుభవం తలకెక్కి, చేతకానివాడికీ దొంగకీ తేడా తెలుసుకోలేకపోయానని ఆమె తనని తానే తిట్టుకుంది.

"పది నిమిషాల్లో బయల్దేరాలి" అన్నాడు తమ్ముడు. "ఇతను తుపాకులు చూశాడు. ఇల్లు ఇక పనికిరాదు. అక్కా, సంచి సర్దుకోండి."

"సర్దేది ఎలాగూ మరదలే కదా. ఆ పది నిమిషాలూ నాకు కావాలి."

"దేనికి?"

"ఇతనికి ఎవరూ నేర్పలేదు."

తమ్ముడు ఆమె మొహం చూసి, సామాన్లు తేవడానికి వెళ్ళాడు. చేసిన తప్పులో సగం వాటా తనదీ ఉందని అతనికీ తెలుసు.

ఆమె అతన్ని కుళాయి ముందు నిలబెట్టింది. దాని మూతి తుడిపించింది. నీళ్ళు వదిలి, వంద లెక్కపెట్టమంది. కొత్త సీసా తీయించి, మూత ఎలా పట్టుకోవాలో అతని వేళ్ళు సరిచేసి చూపించింది. రంగులు వేసిన చెయ్యి కదా, తొణకలేదు. రెండోసారికే పట్టుబడింది. సీసాలో పైన వేలెడు ఖాళీ వదిలి మూత బిగించాడు. చేసిన పనిని తలతిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇది క్రిముల పరీక్షకి, పరీక్షశాలకి వెళ్తుంది. ఇప్పుడు గాజు గొట్టంలో విడిగా నీళ్ళు పట్టి, మాత్ర వెయ్యి. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది" అంది.

మాత్ర కరిగింది. ఇద్దరూ కిటికీ వెలుగులో పెట్టి చూశారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

అతను చీటీ తీసి, కళ్ళజోడు ఒక కాడతో చెవికి తగిలించుకుని, కలం పట్టుకుని ఆగిపోయాడు.

"మేడం, సున్నా అని రాయొచ్చా?"

"వచ్చింది అదేగా."

"మా సూపర్‌వైజరు సున్నా వస్తే, కనీసం ఉండాల్సిన పాయింటు రెండు అని రాయమన్నాడండీ. మాత్రలు పాతబడ్డాయి, వాటిని నమ్మొద్దు, ఒక్క నెల అలాగే కానివ్వు అన్నాడు. రెండు నెలల్నించీ రాస్తున్నాను. వెనకవీధి తవ్వినప్పట్నించీ ఆ వీధిలో రోజూ సున్నాలే." గొంతు తగ్గించాడు. "దానివల్ల ఎవరికీ ఏమీ కాదు కదా మేడం?"

అతను కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు, ఏమీ కాదనిపించుకోవాలని. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. నాలుగు నెలలు రోజూ అద్దంలో చూసిందే. ఆమెకి ఆ ప్రశ్న ఎవర్నీ అడిగే ధైర్యం లేకపోయింది, ఇతనికుంది. అంతే తేడా.

"అవుతుంది" అంది. "నేనూ అలాగే రాశాను. మా ఆఫీసరు ఒక్క వారం అన్నాడు. నూట పదిహేడు రోజులు రాశాను. అసలు అంకె ఇంట్లో పుస్తకంలో, తప్పుడు అంకె ఆఫీసు కాగితం మీద. పుస్తకంలో నిజం రాసుకుంటున్నాను కదా, నేను మంచిదాన్నే అనుకున్నాను. పదకొండు మంది చనిపోయారు. సంతకం ఎవరో దొంగతనంగా పెట్టారని అందరితో చెప్పాను. ఎవరూ పెట్టలేదు. నేనే పెట్టాను."

వెనక ఏదో కింద పెట్టిన చప్పుడైంది. గుమ్మంలో తమ్ముడు సూట్‌కేసు నేల మీద దించి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆమె తల తిప్పి చూసింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

గోడలకి రంగులు వేసిన మనిషి చీటీ వైపు చూశాడు. "నా ఉద్యోగం పోతుందేమో మేడం" అన్నాడు.

"పోవచ్చు" అంది. ఇక ఎవరికీ అబద్ధం చెప్పే ఓపిక ఆమెకి లేదు. "రంగులు వేయడం మర్చిపోలేదుగా?"

అతనికి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చినట్టుంది. గట్టు మీద చీటీ పెట్టి, గడి నిండేంత పెద్దగా సున్నా రాశాడు. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. "పాత చీటీల సంగతి కూడా చెప్పాలా?" అని అడిగాడు.

"ముందు ఇది ఇచ్చెయ్యి. మొదటిది చెప్పాక మిగతావి తేలికవుతాయి. నాకూ ఇప్పుడే తెలిసింది" అంది.

చీటీ నకలు ఒకటి పైవాటా ఆవిడ చేతిలో పెట్టమని కూడా చెప్పింది. ఆవిడ చేతిలో పడ్డాక దాన్ని తొక్కిపెట్టే ఆఫీసు ఈ లోకంలో లేదు.

కారు మరదలు నడిపింది. ఊరు దాటారు. తమ్ముడు ముందుసీట్లో రోడ్డు కేసే చూస్తూ కూర్చున్నాడు.

"మేడం, ఇది నేను దాచలేను" అన్నాడు చివరికి. అతని నోట మేడం అన్న మాట వినగానే ఆమెకి కలుక్కుమంది.

"దాచొద్దు."

"ప్రాసిక్యూటరు అగ్గిమీద గుగ్గిలమవుతాడు. మీ మీదా కేసు పెట్టొచ్చు."

"పెట్టనివ్వండి. మీ కాపలా తీసేస్తారా?"

అతను అప్పుడు వెనక్కి తిరిగాడు. "మీరు తప్పు చెయ్యనివారని కాపలా పెట్టలేదు. మీకు తెలిసింది కోర్టు వినాలని పెట్టాం. అది అలాగే ఉంటుంది." మళ్ళీ తనే, "నిన్న తలుపు వేసి ఊరుకున్నా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ పాప ఇవాళ ఆస్పత్రిలో ఉండేది" అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"వదినా, ఆ సంచిలో బ్రెడ్డుంది. కాస్త అందించరా? పొద్దుట్నించీ ఒక మనిషిని పడేశాను గానీ ఏమీ తినలేదు" అంది మరదలు.

ప్రాసిక్యూటరు ఆదివారం పొద్దున్న కొత్త ఇంటికి వచ్చాడు. అనుకున్నంతా అయింది. అరిచాడు, కాగితాలు బల్ల మీద కొట్టాడు, ఇంతకాలం తననీ వెర్రివాణ్ణి చేశారన్నాడు. ఆమె అన్నీ పడింది. అరిచి అరిచి అలసిపోయి కూర్చున్నాక, అతనికి ఏదో తట్టినట్టు సంచి వెతికి నిందితుల తరఫు సాక్షుల పట్టిక తీశాడు.

"చేతిరాత నిపుణుడు" అని ఒక పేరు మీద వేలు పెట్టాడు. "వీడెందుకా అని వారం నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. రేపు మీరు దొంగ సంతకం అనగానే వాణ్ణి లేపి, అది మీదేనని నిరూపించి, మీ పుస్తకం కూడా అబద్ధమేనని తేల్చేద్దామనుకున్నారు. వాళ్ళు ఎదురుచూస్తున్నది మీ అబద్ధం కోసమే." ఆమె కేసి చాలాసేపు చూశాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ సంగతి తర్వాత చూద్దాం. తేలిగ్గా ఉంటుందని మాటివ్వను."

సోమవారం బయల్దేరేముందు మరదలు ఒక కబురు తెచ్చింది. పైవాటా ఆవిడ చీటీ పట్టుకుని ఆఫీసు మెట్ల మీద బైఠాయించిందట. వెనకవీధిలో చిట్లిన పైపు బయటపడింది, ట్యాంకర్లు వస్తున్నాయి. సూపర్‌వైజర్ని పక్కన పెట్టారు. రంగుల మనిషి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు గానీ, నిన్నంతా వీధి చివర కుళాయి దగ్గర నిలబడి, వంద లెక్కపెట్టనిదే ఎవర్నీ సీసా ముట్టుకోనివ్వలేదట.

కోర్టు హాలు ఆమె అనుకున్నదానికంటే చిన్నది. మొదటి వరసలో చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు కూర్చున్నారు. ఆమె వాళ్ళని చూడకుండా బోనెక్కలేకపోయింది, చూసే ఎక్కింది. ప్రమాణం చేసింది. ప్రాసిక్యూటరు మొదటి ప్రశ్నే అదడిగాడు. రిపోర్టు చూపించి, "ఈ సంతకం దొంగదని మీరు వాంగ్మూలంలో చెప్పారు. అవునా?" అన్నాడు.

"చెప్పాను. అది అబద్ధం" అంది. "ఆ సంతకం నాదే."

అవతల లాయరు చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. అతని పక్కన కూర్చున్న నిపుణుడు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. హాల్లో గోల లేచింది. మొదటి వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆమె మీద అరుస్తాడనుకుంది. అరవాలనే లేచాడేమో, అంతలో జడ్జిగారు బల్ల మీద తట్టారు.

"ఎన్ని రిపోర్టుల మీద?" అని అడిగారు.

"నూట పదిహేడండీ. రోజుకొకటి. ఎవరు ఏ రోజు వచ్చి ఏమని రాయమన్నారో, ఆ రోజు నీళ్ళలో నిజంగా ఎంతుందో నా పుస్తకంలో ఉంది. మీరు వింటానంటే మొదటి రోజు నుంచి చెప్తాను."

"చెప్పండి" అన్నారు జడ్జిగారు.

కోర్టు గుమాస్తా అందించిన తన పుస్తకం ఆమె తెరిచింది. మొదటి రోజు తేదీ చదివింది, చీఫ్ ఇంజనీరు అన్న మాట చదివింది, అంకె చదివింది. రెండో రోజు చదివింది. ముసలాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఏడో రోజు దగ్గర మెల్లగా కూర్చుని, పక్కనున్న అమ్మాయిని కలం అడిగి తీసుకుని, అరచేతిలో కాగితం పెట్టుకుని ఆమె చెప్పే అంకెలు ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి ఆమె అతను రాసుకోవడానికి వీలుగా కాస్త నిదానంగా చదివింది.